కొట్టంలో ఉన్నది ఏ దోమ?

సుంకేసుల దగ్గర తుంగభద్రను వదిలి కర్నూలు, నంద్యాల మీదుగా కడప దాకా సుమారు 300 కిలోమీటర్లు సాగే కె.సి. కాలువ కింద ఏ ఊరికి వెళ్లినా, దీపాలు పెట్టే వేళకు పశువుల కొట్టంలో దోమలు లేస్తాయి. గోడ మీద వాలే సన్నపాటి దోమ వాటిలో ఒకటి. దాని పేరు అనాఫిలిస్ క్యులిసిఫేసిస్. మన దేశంలో ఏటా వచ్చే మలేరియా కేసుల్లో 60 శాతానికి పైగా దీని పుణ్యమేనని శాస్త్రవేత్తల అంచనా.

ఈ దోమతో పని పడిన వాళ్లందరినీ దశాబ్దాల పాటు ఒక చిక్కు వెంటాడింది. ఒక ఊళ్లో కొట్టం నిండా ఈ దోమే ఉంటుంది, జ్వరాలు మాత్రం అంతంతే. ఇంకో ఊళ్లో దోమ వెతికితే గానీ దొరకదు, అక్కడ ఇంటికొకరు దుప్పటి ముసుగేసుకుని వణుకుతుంటారు. ఒక తాలూకాలో డి.డి.టి. కొడితే జ్వరాలు తగ్గుతాయి, పక్క తాలూకాలో అదే మందు, అదే మోతాదు, ఫలితం సున్నా. దోమను పట్టి భూతద్దం కింద పెడితే ఆ ఊరి దోమకూ ఈ ఊరి దోమకూ వెంట్రుకవాసి తేడా కనిపించదు. ఆ తేడా దోమ కడుపులో, అండాశయంలోని కణాల్లో దాగి ఉందని చూపినవారిలో ముందువరసలో నిలిచిన శాస్త్రవేత్త డాక్టర్ సరళా సుబ్బారావు. ఢిల్లీలోని మలేరియా రిసెర్చ్ సెంటర్‌లో ఏళ్ల తరబడి పనిచేసి, తర్వాత ఆ సంస్థకే డైరెక్టర్ అయ్యారు. మలేరియా గురించి మనం పాఠ్యపుస్తకాల్లో రోనాల్డ్ రాస్ పేరు చదువుకున్నాం. ఈమె పేరు కూడా చదువుకుని ఉండాల్సింది.

ఎండునేలలో చలిజ్వరం ఎలా పుడుతుంది?

1897 ఆగస్టు 20న సికిందరాబాద్‌లో రాస్ ఒక దోమ కడుపు గోడ మీద మలేరియా క్రిమి పెరుగుతుండడం చూశాడు. ఆ పెరుగుదలకు సమయం పడుతుందన్నది ఇక్కడ గమనించాల్సిన సంగతి. రోగి రక్తం తాగిన రోజే దోమ ప్రమాదకారి అయిపోదు. క్రిమి దోమ కడుపు గోడలో పెరిగి, చీలి, వేల సంఖ్యలో సన్నని సూదుల్లాంటి రూపాలుగా మారి, లాలాజల గ్రంథుల్లోకి చేరాలి. వాతావరణాన్ని బట్టి ఇందుకు పది రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది. అన్నాళ్లూ దోమ బతికి ఉంటేనే జ్వరం ఇంకొకరికి అంటుతుంది.

రాయలసీమ వేసవిలో గాలిలో తడి ఉండదు. దోమలు పుట్టినా ఎక్కువ రోజులు నిలవవు, క్రిమి ఎదిగేలోపే చాలా మటుకు రాలిపోతాయి. వానలు పడి గాలి చెమ్మగిల్లాక లెక్క తారుమారవుతుంది. అదే దోమ ఇంకో వారం ఎక్కువ బతుకుతుంది, ఆ వారం చాలు. ఎండునేలల్లో మలేరియా ఏడాది పొడవునా సమంగా ఉండకుండా కరువు తర్వాత వచ్చే మంచి వానల ఏడాదిలో ఒక్కసారిగా విరుచుకుపడడం వెనక ఉన్న కారణాల్లో ఇది పెద్దది. జ్వరాలు లేని ఏళ్లలో జనం ఒంట్లో దాన్ని తట్టుకునే శక్తి కూడా సన్నగిల్లిపోతుంది మరి.

నీళ్ల సంగతి చూస్తే, క్యులిసిఫేసిస్‌కు మురుగు గిట్టదు. ఎండ తగిలే తేట నీళ్లు కావాలి. పెన్న ఇసుకలో తీసిన చెలమలు, వంకల్లో మిగిలిపోయిన గుంటలు, కాలువ గట్టు కోసం మట్టి తవ్విన పల్లాలు, గండి పడి ఊరిన పంటకాలువలు, అప్పుడే నాట్లు వేసిన వరి మడులు, ఇవన్నీ దానికి పుట్టిళ్లే. వరి మడి గురించి ఒక అందమైన పరిశోధన ఉంది. 1930లలో కావేరి మెట్టూరు కాలువలు వచ్చాక తంజావూరు జిల్లా పట్టుకోటలో మలేరియా ముదిరింది. అక్కడ పనిచేసిన పాల్ రస్సెల్, టి. రామచంద్రరావులు ఒక సంగతి కనిపెట్టారు. నాట్లయిన కొత్తలో మడి నిండా ఈ దోమ పిల్లలే, పైరు అడుగు ఎత్తు దాటాక ఒక్కటీ ఉండదు. నీళ్లు మారలేదు, ఎరువు మారలేదు. ఆడదోమ నీటి మీద వాలకుండా, కాస్త ఎత్తులో ఎగురుతూ ఆడుతూ గుడ్లు జారవిడుస్తుంది. పైరు పెరిగితే ఆ ఆటకు చోటు చాలదు. నీళ్లలో నిలువుగా పుల్లలు గుచ్చి చూస్తే, నీడ లేకపోయినా, దోమ అక్కడ గుడ్లు పెట్టడం మానేసింది. కాలువ కింద వరి పెట్టే రైతుకు దీని అర్థం సూటిగా తెలుస్తుంది. నాటు వేసిన మొదటి కొన్ని వారాలే మడి దోమకు పనికొచ్చే కాలం.

ఇంత ఓపికగా చూసిన మనుషులు కూడా తాము చూస్తున్నది ఒకే జాతి దోమ అనుకున్నారు. అలా అనుకోక తప్పని కాలం అది.

గెలిచామనుకున్న యుద్ధం

స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో ఏటా ఏడున్నర కోట్ల మందికి మలేరియా వచ్చేదని, 8 లక్షల మంది చనిపోయేవారని అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది, 1958లో అది నిర్మూలన కార్యక్రమంగా మారింది. ఊరూరా గోడలకు డి.డి.టి. కొట్టారు. 1965 నాటికి కేసులు లక్షకు పడిపోయాయి. ఇక అయిపోయిందనుకున్నారు. 1976లో మళ్లీ 64 లక్షల కేసులు లెక్క తేలాయి. దోమలు మందుకు అలవాటు పడ్డాయి, పర్యవేక్షణ సడలింది, కాలువలూ చెరువులూ పెరిగాయి. మరుసటి ఏడాది, 1977లో, మలేరియా రిసెర్చ్ సెంటర్ ఏర్పడింది.

సరళా సుబ్బారావు అప్పటికే దోమల జన్యువుల మీద పనిచేస్తున్నారు. మురుగులో పుట్టి బోదకాలు అంటించే క్యూలెక్స్ దోమల్లో ఒక విచిత్రం ఉంది. కొన్ని ప్రాంతాల మగదోమలు వేరే ప్రాంతపు ఆడదోమలతో కలిస్తే గుడ్లలోంచి పిల్లలు రావు. దోమ కణాల్లో కాపురం ఉండే వొల్బాకియా అనే బాక్టీరియా ఇందుకు కారణం. బ్రిటిష్ శాస్త్రవేత్త క్రిస్ కర్టిస్ తదితరులతో కలిసి ఈ విషయం మీద ఆమె రాసిన పత్రాలు 1977లో వెలువడ్డాయి. 2022లో పుదుచ్చేరిలోని భారత వైద్య పరిశోధన మండలి కేంద్రం డెంగీ దోమను అదుపు చేయడానికి వొల్బాకియా ఎక్కించిన దోమలను సిద్ధం చేశామని ప్రకటించింది. ఆ వార్త చదివిన వాళ్లలో ఎంతమందికి ఈ బాక్టీరియాతో మన దేశంలో నలభై అయిదేళ్ల కిందటే ఇంత లోతైన పని జరిగిందని తెలుసో!

అండాశయంలోని ఆధారం

దోమ లోపలి తేడాను ఎలా పట్టారో చూద్దాం. పని తెల్లవారుజామున కొట్టంలో మొదలవుతుంది. ఒక చేతిలో టార్చి, ఇంకో చేతిలో రబ్బరు ట్యూబు తగిలించిన గాజు గొట్టం. గోడ మీద వాలిన దోమ దగ్గర గొట్టం పెట్టి నోటితో మెల్లగా పీలిస్తే దోమ గొట్టంలోకి వస్తుంది. ఏ దోమ పడితే అది పనికిరాదు. రక్తం తాగి సగం అరిగించుకున్న ఆడదోమే కావాలి, అంటే కడుపు సగం ఎర్రగా, సగం తెల్లగా ఉండాలి. ఆ దశలోనే అండాశయంలోని పోషక కణాలు పరీక్షకు తగినట్టు ఉబ్బి ఉంటాయి. సూదులతో అండాశయం బయటికి తీసి, ఒక వంతు ఎసిటిక్ ఆమ్లం, మూడు వంతులు మిథనాల్ కలిపిన ద్రావణంలో వేస్తారు. తర్వాత రంగు పట్టించి, గాజు పలక మీద పెట్టి, పైన పల్చటి గాజు బిళ్ల వేసి బొటనవేలితో ఒత్తుతారు. ఒత్తిడి తక్కువైతే క్రోమోజోములు విడవవు, ఎక్కువైతే తెగిపోతాయి. ఒక్కో దోమకు ఇదంతా చేయాలి. వందల దోమలకు చేయాలి. చేతి నేర్పు, కంటి ఓర్పు రెండూ ఉంటే తప్ప అయ్యే పని కాదిది.

పెట్టెలో వివరణ: తిరగబడిన ముక్క

మామూలు కణంలో క్రోమోజోము చూడలేనంత సన్నగా ఉంటుంది. దోమ పోషక కణంలో మాత్రం అది మళ్లీ మళ్లీ నకళ్లు తీసుకుని, ఆ నకళ్లన్నీ విడిపోకుండా పక్కపక్కనే అతుక్కుని ఉంటాయి. అందుకే లావుగా, అడ్డచారలతో కనిపిస్తుంది. చారల వరుస జాతికి గుర్తు.

ఈ క్రోమోజోమును డోన్ జంక్షన్‌లో ఆగిన రైలు అనుకోండి. మధ్యలోని అయిదు పెట్టెలను విడదీసి, ఆ గుత్తిని అటుది ఇటు తిప్పి మళ్లీ తగిలించారు. పెట్టెలు అవే, సంఖ్యా అంతే, వరుస మాత్రం అక్కడ తలకిందులైంది. క్రోమోజోముల్లో ఇలాంటి తిరగబాట్లు సహజంగా జరుగుతుంటాయి.

ప్రతి దోమకూ ఒక్కో క్రోమోజోము తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. రెండూ పక్కపక్కన సరిగ్గా జతపడాలి. ఒకటి మామూలుది, ఇంకోటి తిరగబడినది అయితే, జతపడడానికి ఆ చోట క్రోమోజోము ఉచ్చులా మెలి తిరుగుతుంది. సూక్ష్మదర్శినిలో ఆ ఉచ్చు స్పష్టంగా కనిపిస్తుంది.

అసలు తర్కం ఇక్కడుంది. ఒకే కొట్టంలో పట్టిన దోమల్లో కొన్నింటికి మామూలు వరుస, కొన్నింటికి తిరగబడిన వరుస ఉన్నాయి. ఇవి ఒకదానితో ఒకటి జతకడుతుంటే, వాటి సంతానంలో ఉచ్చులు ఉన్న దోమలు బోలెడు కనిపించాలి. వందల దోమలు చూసినా ఒక్క ఉచ్చూ లేదంటే? అవి ఒకే గోడ మీద వాలుతూ, ఒకే ఆవును కుడుతూ కూడా, ఒకదాన్నొకటి ముట్టుకోవడం లేదన్నమాట. అవి రెండు వేరువేరు జాతులు.

1980లో సి.ఎ. గ్రీన్, ఎస్.జె. మైల్స్ ఈ పద్ధతిలోనే క్యులిసిఫేసిస్‌లో ఎ, బి అనే రెండు జాతులున్నాయని చూపారు. అదే ఏడాది నుంచి సరళా సుబ్బారావు, టి. అడక్, వి.పి. శర్మ మన దేశంలో ఎ ఎక్కడ ఉంది, బి ఎక్కడ ఉంది, క్రిమిని మోస్తున్నది ఏది అని వెతకడం మొదలుపెట్టారు. 1983లో ఆమె బృందం మూడో జాతిని, సి ని, బయటపెట్టింది. 1991లో కె. వసంత, సరళా సుబ్బారావు, శర్మ కలిసి నాలుగోదైన డి కి క్రోమోజోముల ఆధారాలు చూపారు.

యూరప్‌లో ఇలాంటిది ముందే జరిగింది. అక్కడ దోమలున్నా మలేరియా లేని ఊళ్ల సంగతి చాలాకాలం అంతుపట్టలేదు. 1926లో ఇటలీకి చెందిన ఫల్లెరోని దోమ గుడ్ల మీది మచ్చల్లో తేడా గమనించాక, ఒకటే అనుకున్న దోమ పలు జాతుల గుంపని తేలింది. మన క్యులిసిఫేసిస్ గుడ్లు చూసినా ఏమీ తెలియదు. అందుకే పని ఇంత కష్టమైంది.

ఏది మోస్తుంది, ఏది మోయదు

జాతులు వేరని తేలితే చాలదు. వాటి నడవడి వేరా? ఈ ప్రశ్నకు జవాబు కోసం సరళా సుబ్బారావు బృందం న్యూయార్క్ విశ్వవిద్యాలయంలోని రూత్ నుసెన్‌జ్వైగ్‌తో కలిసి పనిచేసింది. వియన్నాలో పుట్టి, నాజీల కాలంలో చిన్నతనంలోనే బ్రెజిల్ చేరిన రూత్, 1967లో ఎలుకల మీద ప్రయోగాలతో మలేరియాకు టీకా సాధ్యమేనని మొదటగా చూపిన శాస్త్రవేత్త. దోమ లాలాజలంలో చేరే మలేరియా క్రిమి ఒంటి మీది ప్రోటీన్‌ను పట్టేసే ప్రతిరక్షకాలు ఆమె ప్రయోగశాలలో తయారయ్యాయి. ఆ ప్రోటీన్ ఆధారంగా తయారైన టీకానే 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆఫ్రికా పిల్లలకు సిఫారసు చేసింది. అదే ప్రతిరక్షకాలతో మన దోమలను పరీక్షించి ఇద్దరూ తమ బృందాలతో 1988లో ప్రచురించిన ఫలితం ఇది: మలేరియాను బాగా మోసేది ఎ. బి లో క్రిమి సరిగా ఎదగదు.

కొట్టం నిండా దోమలున్నా ఊళ్లో జ్వరం లేకపోవడానికి ఒక కారణం అలా దొరికింది. కొట్టం నిండా ఉన్నది బి.

అదే 1988లో వచ్చిన ఇంకో పత్రం నాకు మరీ ముఖ్యంగా తోస్తుంది. దోమ మందుకు లొంగుతుందో లేదో తేల్చడానికి ఒక ప్రామాణిక పరీక్ష ఉంది. డి.డి.టి. పూసిన కాగితం చుట్టిన గొట్టంలో దోమలను గంటసేపు ఉంచి, బయటికి తీసి, 24 గంటల తర్వాత ఎన్ని చచ్చాయో లెక్కపెడతారు. చాలా ఊళ్లలో సగానికి సగం బతికి బయటపడుతుండేవి, ఇక్కడ డి.డి.టి. పని అయిపోయిందని రాసుకునేవారు. సరళా సుబ్బారావు బృందం చచ్చినవాటినీ బతికినవాటినీ విడివిడిగా జాతి పరీక్ష చేసింది. ఎ జాతి మందుకు ఎక్కువగా లొంగుతోంది, బి జాతి తట్టుకుంటోంది. అంటే జ్వరాన్ని మోసే దోమ చస్తోంది, మోయనిది బతుకుతోంది. అన్నింటినీ కలిపి లెక్కపెడితే మందు విఫలమైనట్టు కనిపిస్తుంది, జ్వరాల దగ్గర మాత్రం అది ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. కోట్ల రూపాయల మందు ఎక్కడ కొనసాగించాలి, ఎక్కడ మార్చాలి అన్న నిర్ణయం ఇలాంటి లెక్క మీద ఆధారపడుతుంది.

తర్వాత రామేశ్వరం అడ్డుపడింది. ఆ ద్వీపంలో పరీక్షిస్తే దొరికిందంతా బి. బి మోయదు కదా, మరి అక్కడ మలేరియా ఎందుకు ఆగడం లేదు? ఒక్కో ఆడదోమను విడిగా ఉంచి గుడ్లు పెట్టించి, పిల్లలను పెంచి, తల్లి ఒంట్లో క్రిమి ఉందో లేదో చూశారు, మగపిల్లల్లో వై క్రోమోజోము ఆకారం చూశారు. రెండు ఆకారాలు బయటపడ్డాయి. క్రిమిని మోసిన తల్లుల కొడుకుల్లో ఒక ఆకారం, మోయని తల్లుల కొడుకుల్లో ఇంకోటి. అండాశయం క్రోమోజోముల్లో అచ్చం బి లాగే ఉంటూ మనుషులను కుట్టడానికి మొగ్గే కొత్త జాతి అది. 1999లో దానికి ఇ అని పేరు పెట్టారు. అయిదింటిలోకీ మలేరియాను ఎక్కువగా మోసేది ఇదే. ఆ తర్వాత శ్రీలంకలోనూ దాన్ని గుర్తించారు.

పట్టణపు నీళ్ల తొట్టిలో

కర్నూలు, కడప పట్టణాల్లో కథ వేరు. కుళాయి నీళ్లు రోజూ రాని ఇళ్లలో డ్రమ్ములు, సిమెంటు తొట్లు, మిద్దె మీది ట్యాంకులు ఎప్పుడూ నిండుగా ఉంటాయి. మూత లేని ట్యాంకు అనాఫిలిస్ స్టెఫెన్సీ అనే పట్టణపు మలేరియా దోమకు కావలసినంత. 1937లో మైసూరు సంస్థానంలో స్వీట్, బి.ఎ. రావు ఈ దోమ గుడ్లకు పక్కల ఉండే తెప్పల్లాంటి భాగాల మీది గీతలు లెక్కపెట్టి, రెండు రకాలున్నాయని చెప్పారు. 1987లో సరళా సుబ్బారావు బృందం దీన్ని మళ్లీ తీసుకుని, మధ్యస్థమైన మూడో రకం కూడా ఉందని, పల్లెలో, పట్టణంలో ఏ రకం ఉంటుందో చూపింది. ఎక్కువ గీతలున్నది పట్టణాల్లో ఉండి మలేరియాను మోస్తుంది. తక్కువ గీతలున్న పల్లె రకం దాదాపు మోయదు. 2012లో ఈ దోమ ఆఫ్రికాలోని జిబూటీలో దిగింది. 2022లో ఇథియోపియాలోని దిరె దావా పట్టణంలో మలేరియా ప్రబలడానికి కారణమైంది. ఇప్పుడక్కడి పరిశోధకులు కూడా తమ దోమ ఏ రకమో తేల్చుకోవాల్సి వస్తోంది.

మన ఊళ్లకు ఇది ఎందుకు పనికొస్తుంది

ఇవాళ ఆంధ్రప్రదేశ్‌లో మలేరియా ఎక్కువగా ఉన్నది ఉత్తరాన అల్లూరి సీతారామరాజు, పార్వతీపురం మన్యం జిల్లాల ఏజెన్సీ గ్రామాల్లో. అక్కడి కొండవాగుల్లో పుట్టే అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ కూడా ఒక్క దోమ కాదని, ఎస్, టి, యు అని మూడు జాతులున్నాయని 1994లో చూపింది కూడా సరళా సుబ్బారావు బృందమే. ఎస్ మనిషిని వెతుక్కుంటుంది, మిగతా రెండూ పశువుల వైపు పోతాయి. రాయలసీమలో జ్వరాలు తగ్గాయి గానీ, దోమ పోలేదు. కాలువ ఉంది, వరి ఉంది, ఏజెన్సీకీ నగరాలకీ కూలికి వెళ్లి వచ్చే జనం ఉన్నారు.

ఇంకో మార్పు కళ్లెదుటే జరుగుతోంది. వెనకటి మిద్దె ఇళ్లలో ముందు భాగంలో ఎద్దులు, లోపల మనుషులు ఉండేవారు. ఎ, బి, సి, డి నాలుగూ పశువునే ఎక్కువగా కుడతాయి కాబట్టి, ఇంటి నిండా ఎద్దులుంటే దోమ కాట్లు చాలా మటుకు వాటికే పడేవి. ట్రాక్టర్లు వచ్చి కాడి ఎద్దులు తగ్గాయి. పశువు లేని ఇంట్లో ఆ దోమ ఎవరిని కుడుతుందో వేరే చెప్పనక్కర్లేదు. ఆ ఊళ్లో ఉన్నది బి అయితే దురదతో పోతుంది. ఎ అయితే పోదు.

అందుకే దోమల సర్వేలో ఒక గంటకు ఎన్ని దోమలు దొరికాయన్న సంఖ్య పక్కన ఏ జాతి అన్న అక్షరం కూడా రాయాలని నా గట్టి నమ్మకం. జిల్లా మొత్తానికి ఒకే అక్షరం రాసి పెట్టుకోవడం కుదరదు. కాలువ కింది ఊరికీ, నల్లమల అంచు గూడేనికీ, పెన్న ఒడ్డు పల్లెకూ విడివిడిగా చూడాలి. 1980లో ఒక్కో దోమకు అండాశయం తీసి, రంగు వేసి, చారలు చదవాల్సి వచ్చేది, అదీ సగం అరిగిన ఆడదోమ దొరికితేనే. ఇప్పుడు పి.సి.ఆర్. పద్ధతులు వచ్చాయి. ఎండిన దోమైనా, మగదైనా, ఒక్క కాలు తుంచి అందులోని డి.ఎన్.ఎ. చూస్తే జాతిని చాలా మటుకు గుర్తించవచ్చు. మిగిలిన ఒంట్లో మలేరియా క్రిమి ఉందో లేదో వేరుగా పరీక్షించుకోవచ్చు.